వియ్యాలవారింట్లో తొలి థాంక్స్‌గివింగ్

ప్రశ్న: మాది కాకినాడ. అమ్మాయి దగ్గరికి ఒహాయో వచ్చి ఉన్నాం. అల్లుడు అమెరికా అబ్బాయి. పెన్సిల్వేనియాలో ఉన్న వాళ్ల అమ్మానాన్నలు ఈ నవంబరులో థాంక్స్‌గివింగ్ భోజనానికి రమ్మని మమ్మల్ని పిలిచారు. పెళ్లయ్యాక వియ్యాలవారి గడప తొక్కడం ఇదే మొదలు. పండగ ఎలా ఉంటుందో తెలుస్తుందని అల్లుడు రోజూ రాత్రి పాత కామెడీ సీరియళ్లు, సినిమాలు పెట్టి చూపిస్తున్నాడు. అతను పొట్ట పట్టుకుని నవ్వుతుంటే నాకు గుండె దడ. ఒక దాంట్లో హెలికాప్టర్ నుంచి బతికున్న కోళ్లను పడేస్తారు. ఇంకో దాంట్లో వండినవన్నీ ఒకరి మీద ఒకరు విసురుకుంటారు. ఒకమ్మాయి తీపి వంటకంలో గొడ్డుమాంసం కలిపేస్తుంది. ఏది చూసినా ఎవరో ఒకరు అలిగి లేచిపోవడమే. వాళ్ల పండగంటే ఇదేనా? నవ్వాల్సిన చోట నాకు నవ్వు రాకపోతే నొచ్చుకుంటారా? నేను గుడ్డు కూడా ముట్టను. మా వారికి హాస్యం ఎక్కువ, ఎవరినో ఒకరిని ఆటపట్టించనిదే ఉండలేరు. పైగా భోజనానికి ముందు ఒక్కొక్కరూ కృతజ్ఞతగా ఏదో ఒక మాట చెప్పాలట, నాకు ఇంగ్లీషు అంతంత మాత్రం. ఒంట్లో బాగోలేదని చెప్పి తప్పించుకోవడం మంచిదేమో అనిపిస్తోంది. ఏం చేయమంటారు?
— ఒక తల్లి, ఒహాయో

సమాధానం: అమ్మా, సాకులు వెతకకండి. వెళ్లండి. వరసపెట్టి అవన్నీ చూసిన కొత్తవాళ్లు ఎవరైనా బెదురుతారు. మీ అల్లుడు మంచి మనసుతోనే చూపిస్తున్నాడు గానీ, వాటి మధ్యే పెరిగినవాడు కాబట్టి మీకు చెప్పాల్సిన మాట ఒకటి అతనికి తట్టలేదు. ఆ కథల్లో వంట చెడుతుంది, మాట చెడుతుంది, ఒక్కోసారి ఇల్లే తలకిందులవుతుంది. ఆ తర్వాత ఎవరు ఎవరికి పక్కన చోటిచ్చారన్నదే అసలు కథ. చివరి ఐదు నిమిషాలూ చూడండి. అల్లుడు అంతగా నవ్వగలుగుతున్నది ఆ చివర ఎలా ఉంటుందో ముందే తెలిసినందువల్ల.

అసలు ఇన్ని గొడవలు ఎందుకు రాశారంటే దానికి కారణాలున్నాయి. 1863లో లింకన్ ప్రకటనతో ఈ పండగ దేశమంతటా ఏటా జరగడం మొదలైంది. 1941లో చేసిన చట్టంతో నవంబరు నాలుగో గురువారం ఖాయమైంది. అమెరికాలో టీవీ సీరియళ్ల ఏడాది సెప్టెంబరులో మొదలై మే నెలతో ముగిసేది. ఎంతమంది చూస్తున్నారో లెక్కగట్టి ప్రకటనల ధరలు తేల్చే నెలల్లో నవంబరు ఒకటి. దాంతో సీరియల్ తీసేవాళ్లు ఆ వారానికి ఒక గట్టి కథను సిద్ధం చేసుకునేవారు. క్రిస్మస్‌లాగా ఇది ఒక మతం వాళ్ల పండగ కూడా కాదు కనుక ఏ పాత్రనైనా తెచ్చి ఆ బల్ల ముందు కూర్చోబెట్టే వీలుంది. ఇక వంట సంగతి. ఒకే పెద్ద టర్కీ కోడి, ఒకే ఓవెన్, ఒకే పూట. ఏడు కిలోల గడ్డకట్టిన కోడి ఫ్రిజ్‌లో కరగడానికే మూడు నాలుగు రోజులు పడుతుంది. కాలడానికి ఇంకో నాలుగు గంటలు. ఎక్కడ లెక్క తప్పినా పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. ఇంతలో ఏడాదికోసారి కలిసే చుట్టాలు ఒక్కొక్కరే తలుపు తడతారు. హాస్యం రాసేవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి? మీ వియ్యపురాలి ఇంట్లో భోజనం సజావుగా జరిగిపోతుంది. సజావుగా జరిగిపోయే భోజనం మీద ఎవరూ సీరియల్ తీయరు.

మిమ్మల్ని అంతగా బాధపెట్టిన హెలికాప్టర్ కథ 1978లో వచ్చింది. సీరియల్ పేరు 'డబ్ల్యూకేఆర్‌పీ ఇన్ సిన్సినాటీ'. మీరు ఇప్పుడు ఉంటున్న ఒహాయోలోని సిన్సినాటీయే. అందులో రేడియో స్టేషన్ పెద్ద కార్ల్‌సన్, పండగకు జనానికి కోళ్లు ఉచితంగా పంచి స్టేషనుకు పేరు తేవాలనుకుంటాడు. ఈసారి చూసేటప్పుడు గమనించండి, కోళ్లు కిందపడటం తెర మీద ఎక్కడా కనిపించదు. కింద నిలబడ్డ విలేకరి తల పైకెత్తి, ఆకాశంలో ఏం జరుగుతోందో శ్రోతలకు వర్ణిస్తుంటాడు. ఉత్సాహంగా మొదలైన గొంతు అయోమయంలో పడి, ఆఖరికి భయంతో వణుకుతుంది. మనకు అందేది ఆ గొంతు, చుట్టూ జనం హాహాకారాలు, అంతే. చిందరవందరగా తిరిగొచ్చిన కార్ల్‌సన్, టర్కీలు ఎగురుతాయనే అనుకున్నానని దేవుడి సాక్షిగా చెబుతాడు. అక్కడ పగలబడి నవ్వుతారు. మంచి చేద్దామని బయల్దేరి, అడగాల్సిన ఒక్క ప్రశ్నా ఎవరినీ అడగని పెద్దమనిషి మీద ఆ నవ్వు. అలాంటి పెద్దమనుషులు మనకూ కొత్త కాదు. అయినా కోళ్ల మీద మీకు జాలి కలిగిందంటే దాన్ని దాచుకోవాల్సిన పనేమీ లేదు. నవ్వు రాని చోట నవ్వనక్కర్లేదు. అల్లుడు అడిగితే ఆ జాలి సంగతే చెప్పండి.

వంటకాలు విసురుకున్నది, ఒక బారు చుట్టూ తిరిగే 'ఛీర్స్' సీరియల్లో 1986 నాటి కథ. ఎక్కడికీ వెళ్లే దిక్కులేని స్నేహితులంతా, అదే బారులో పనిచేసే కార్లా కొత్త ఇంట్లో పండగ చేసుకుందామని చేరతారు. కోడి ఎంతకీ ఉడకదు. మిగతావి చల్లారిపోతాయి. ఆకలికి మాటా మాటా పెరిగి, ఒకరు మొదలుపెట్టగానే బల్ల మీద ఉన్నదంతా గాల్లోకి లేస్తుంది. అన్నం పరబ్రహ్మమని నేర్చుకున్న మనకు అది చూడటం కష్టమే, ఆ కష్టం నాకూ ఉంది. కానీ ఆ గొడవ అయ్యాక వాళ్ల ముఖాలు చూడండి. అప్పటిదాకా ఒకరినొకరు సణుక్కుంటున్నవాళ్లు ఒళ్లంతా మెతుకులతో కూర్చుని మనసారా నవ్వుకుంటారు. ఒక్కరు కూడా ఇంటికి వెళ్లిపోరు.

వీటన్నిటికన్నా ముందు మీకు చూపించాల్సింది 1973లో వచ్చిన 'ఎ చార్లీ బ్రౌన్ థాంక్స్‌గివింగ్'. పిల్లల బొమ్మల చిత్రం, అరగంటలో అయిపోతుంది. పెప్పర్‌మింట్ ప్యాటీ అనే అమ్మాయి ఫోను చేసి, పిలవకుండానే భోజనానికి వస్తున్నానని చెప్పడమే కాకుండా ఇంకో ఇద్దరిని వెంటేసుకుని వస్తుంది. కాదనలేక చార్లీ బ్రౌన్ ఒప్పుకుంటాడు. అతనికి వంట రాదు. అతని కుక్క స్నూపీ వంటవాడై కాల్చిన బ్రెడ్డు ముక్కలు, పేలాలు, జంతికల్లాంటి ప్రెట్జెల్స్, రంగురంగుల తీపి గింజలు పళ్లేల్లో పెడుతుంది. ఇదా పండగ భోజనమంటూ ప్యాటీ విరుచుకుపడుతుంది. చార్లీ బ్రౌన్ తల దించుకుని లేచి వెళ్లిపోతాడు. అప్పుడు ఆమె స్నేహితురాలు మార్సీ నెమ్మదిగా, మనల్ని అతను పిలిచాడా, మనమే వచ్చామా అని అడుగుతుంది. ఆఖరుకు వాళ్లందరినీ తీసుకురమ్మని చార్లీ బ్రౌన్ అమ్మమ్మ ఫోనులో చెబుతుంది. పిలవకుండా వచ్చినవాళ్లకే అంత చోటు దొరికింది. మిమ్మల్నైతే పేరు పెట్టి పిలిచారు.

ఆ చిత్రంలో నాకు మింగుడుపడని సంగతి ఒకటి ఉంది. బల్లకు ఒక వైపు పిల్లలందరూ ఒత్తుకుని కూర్చుంటే, నల్లజాతి పిల్లవాడు ఫ్రాంక్లిన్ రెండో వైపు ఒక్కడే కూర్చుంటాడు. దీని మీద అమెరికాలోనే గట్టి విమర్శ వచ్చింది. నవ్వించే కథల్లో ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టారో కూడా చూడాలి.

ఇక మీ వారి హాస్యం. మీ ఉత్తరంలో నేను ఎక్కువసేపు ఆలోచించింది దీని గురించే. 1987లో వచ్చిన 'ప్లేన్స్, ట్రైన్స్ అండ్ ఆటోమొబైల్స్' సినిమాను ఆయనతో కలిసి చూడండి. మాటల్లో బూతులు వినిపిస్తాయి, అమ్మాయిని ముందే హెచ్చరించమనండి. న్యూయార్క్ నుంచి షికాగోలోని ఇంటికి పండగ వేళకు చేరాలని తపించే నీల్ అనే ఉద్యోగికి, స్నానాలగది తెరల రింగులు అమ్ముకునే డెల్ అనే వాగుడుకాయ దారిలో తగులుకుంటాడు. విమానం దారి మళ్లుతుంది, రైలు ఆగిపోతుంది, కారు తగలబడుతుంది. మొదటి రాత్రి ఇద్దరూ ఒకే గదిలో, ఒకే మంచం మీద సర్దుకోవాల్సి వస్తుంది. అక్కడ నీల్ సహనం నశించి డెల్‌ను దులిపేస్తాడు. నీ కథలకు తలా తోకా ఉండవు, నీతో కూర్చోవడం ఒక శిక్ష అన్న ధోరణిలో ఏకబిగిన దంచుతాడు. చూసేవాళ్లు నవ్వుతూనే ఉంటారు. అప్పుడు కెమెరా మెల్లగా డెల్ ముఖం మీదికి వెళ్లి అక్కడే ఆగుతుంది. జాన్ క్యాండీ ఆ పాత్ర వేశాడు. అతని చెంపలు కిందికి జారతాయి, కళ్లలో ఏదో ఆరిపోతుంది, నవ్వుతున్న మన నోరు దానంతటదే మూతపడుతుంది. నన్ను నేను ఇష్టపడతాను, నా భార్య నన్ను ఇష్టపడుతుంది అని మాత్రం అంటాడు డెల్. ఆ భార్య ఎప్పుడో పోయిందని, అతనికి వెళ్లడానికి ఇల్లే లేదని నీల్‌కు చివర్లో అర్థమవుతుంది. అర్థమైన వెంటనే వెనక్కి తిరిగి వెళ్లి అతన్ని తన ఇంటి భోజనానికి తీసుకొస్తాడు. పనిని చూసి నవ్వడానికీ మనిషిని చూసి నవ్వడానికీ మధ్య ఉన్న గీతను ఇంత స్పష్టంగా చూపించిన పండగ సినిమా ఇంకొకటి నేను చూడలేదు.

మీ వారు సరదా మనిషి కావడం తప్పు కాదు. మన పెళ్లిళ్లలో బంతి భోజనాల దగ్గర వియ్యాలవారిని ఎత్తిపొడుస్తూ ఆడవాళ్లు పాటలే పాడేవారు. వియ్యపురాలి నడకను, తిండిని, నగలను ఏకిపారేసినా ఆవిడ నవ్వి ఊరుకోవాల్సిందే. బావామరదళ్ల సంగతి, వదినామరదళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ పరిహాసానికి వరస ఇచ్చిన హక్కు ఉంది. ఆ హక్కు ఉందని రెండు వైపులా తెలుసు. మీ వియ్యంకుడికి మన వరసలు తెలియవు. అక్కడ పక్కవాళ్లను వెక్కిరించే చనువు కలిసి పెరిగినందువల్లో, ఏళ్ల తరబడి కలిసి తిన్నందువల్లో వస్తుంది. కాబట్టి అన్నదమ్ములు ఒకరినొకరు ఆటపట్టించుకుంటుంటే విని ఆనందించమనండి. ఈ మొదటిసారికి ఆయన నోట ఎదుటివాళ్ల ఒళ్లు, వయసు, ఉద్యోగం, వంట గురించి ఒక్క పరాచికం కూడా వద్దు. వచ్చే ఏడాది వాళ్లే ఆయన్ని ఆటపట్టిస్తారు, అప్పుడు మొదలుపెట్టొచ్చు. కాకినాడ కబుర్లు చెప్పమనండి. తాను ఎప్పుడో రైలు తప్పిపోయిన కథ ఒకటి సిద్ధం చేసుకోమనండి. ఆ రోజు అందరికీ నచ్చేవి ప్రయాణం కథలే.

వేళకు వెళ్లండి. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. 1990లో బారీ లెవిన్సన్ తీసిన 'అవలాన్' సినిమాలో, తూర్పు యూరప్ నుంచి బాల్టిమోర్ వలస వచ్చిన పెద్ద యూదు కుటుంబం ఒకటి ఉంటుంది. ఆ ఇంటి నాయనమ్మకు కూడా మీకులాగే ఈ పండగ అంతుపట్టదు. అన్నదమ్ముల్లో గేబ్రియల్ ఏటా ఆలస్యంగానే వస్తాడు, ఏటా అందరూ ఆకలితో ఎదురుచూస్తారు. ఒక ఏడాది పిల్లలు నకనకలాడుతున్నారని వండిన కోడిని కోసేస్తారు. ఆయన వచ్చి, నేను లేకుండా కోశారా అని గుమ్మంలోనే నిప్పులు తొక్కి, భార్యను తీసుకుని వెళ్లిపోతాడు. మొదట్లో నవ్వు వచ్చే గొడవే. కానీ ఆ ఇల్లు మళ్లీ మునుపటిలా కలవదు. అంత మాట అనడానికి ఆయన మనసులో ఇంకేమేం పేరుకున్నాయో సినిమా అంతా చూస్తే తెలుస్తుంది. మన ఇళ్లలో విస్తరి వేశాక పెద్దవాళ్ల కోసం ఆగడం ఉంది కాబట్టి ఇది మీకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. చాలా ఇళ్లలో ఆ భోజనం మధ్యాహ్నం రెండు, నాలుగు గంటల మధ్య ఉంటుంది. రాత్రి భోజనం అనుకుని బయల్దేరితే కష్టం. దారిలో ఆ వారమంతా రద్దీ ఎక్కువ, ముందు రోజే చేరుకుంటే మేలు.

తిండి విషయంలో మొహమాటపడకండి. గొడ్డుమాంసం కలిసిన ఆ తీపి వంటకం 1999 నాటి 'ఫ్రెండ్స్' కథలోది. పుస్తకంలో పేజీలు అంటుకుపోయి రేచల్ రెండు వంటకాలను ఒకటిగా చేసేస్తుంది. జామూ కస్టర్డూ పొరల మధ్య మాంసం, ఉల్లిపాయలు. ఎవరూ నిజం చెప్పరు. బాగుంది బాగుంది అంటూ చాటుగా పారేయడానికి నానా తంటాలు పడతారు. ఆ హాస్యమంతా చెప్పాల్సిన మాట వేళకు చెప్పకపోవడంలోనే ఉంది. మీరు ఆ పరిస్థితి తెచ్చుకోకండి. మాంసం, చేప, గుడ్డు ఏవీ తిననని ఇప్పుడే చెబితే వియ్యపురాలు సంతోషంగా చూసుకుంటారు. పళ్లెం ముందు కూర్చున్నాక చెబితే ఆవిడే చిన్నబుచ్చుకుంటారు.

వాళ్లు శాకాహారమని అనుకునేవాటిలోనూ కొన్ని మీకు పనికిరావు. మెత్తగా చిదిమిన బంగాళాదుంపల్లో వెన్న, పాలు ఉంటాయి, ఫరవాలేదు. దాని మీద పోసే గ్రేవీ మాత్రం కోడి నుంచి కారిన రసంతో చేస్తారు, వద్దనండి. బ్రెడ్డు ముక్కలతో చేసే స్టఫింగ్‌ను చాలామంది కోడి పొట్టలో పెట్టి కానీ, మాంసం రసం పోసి కానీ వండుతారు. చిలగడదుంపల కూర మీద తెల్లగా పొంగి కనిపించే మార్ష్‌మాలోల్లో జెలటిన్ ఉంటుంది, అది జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది. గుమ్మడికాయతో చేసే 'పై' అనే తీపి వంటకంలో గుడ్డు తప్పనిసరి. క్రాన్‌బెర్రీ సాస్ నిశ్చింతగా తినొచ్చు, తీపి పులుపు కలిసి మీకు నచ్చుతుంది. బీన్స్, పుట్టగొడుగుల సూపుతో ఓవెన్‌లో చేసే క్యాసెరోల్ అనే వంటకం 1955లో క్యాంప్‌బెల్ సూపు కంపెనీ వంటింట్లో పుట్టింది. చాలా ఇళ్లలో అది తప్పకుండా ఉంటుంది. ఆ సూపు డబ్బా మీద ఏం రాసి ఉందో అమ్మాయిని చదివి చెప్పమనండి. కొన్ని ఇళ్లలో కాల్చిన కోడిని మొత్తంగా తెచ్చి బల్ల మధ్య పెట్టి అందరి ముందూ కోస్తారు. చూడలేననుకుంటే కాస్త దూరంగా కూర్చునే ఏర్పాటు చేయమని అమ్మాయికి ముందే చెప్పండి. అక్కడికక్కడ ముఖం తిప్పుకోవడం కన్నా అది మర్యాదగా ఉంటుంది.

చేతులూపుకుంటూ వెళ్లకండి. నిమ్మకాయ పులిహోర చేసుకువెళ్లండి. ఆ రోజు ఓవెన్ ఖాళీ ఉండదు, పొయ్యి మీద చోటుండదు, వేడి చేయనక్కర్లేని వంటకం ఎవరికీ అడ్డు కాదు. 2003లో వచ్చిన 'పీసెస్ ఆఫ్ ఏప్రిల్' సినిమా అంతా పనిచేయని ఓవెన్ చుట్టూనే తిరుగుతుంది. న్యూయార్క్ అపార్టుమెంటులో ఏప్రిల్ అనే అమ్మాయి కోడిని పట్టుకుని, కాసేపు మీ ఓవెన్ ఇస్తారా అని ఇరుగుపొరుగు తలుపులన్నీ కొడుతుంది. ఎంత చక్కటి సినిమానో, వీలైతే చూడండి. పులిహోరలో వేరుశనగపప్పు, జీడిపప్పు వేసేముందు ఆ ఇంట్లో ఎవరికైనా అవి పడవేమో కనుక్కోవడం మరవకండి. అక్కడ కొందరికి పల్లీలతో ప్రాణం మీదికి వస్తుంది.

బల్ల దగ్గర రాజకీయాలు వస్తే మీరు, మీ వారు వింటే చాలు. అమెరికన్లే ఆ రోజు ఈ గొడవకు భయపడతారు. 2015లో 'శాటర్‌డే నైట్ లైవ్' అనే టీవీ హాస్య కార్యక్రమం వాళ్లు దీని మీదే ఒక చిన్న ప్రహసనం వేశారు. చుట్టాలు వాదనకు దిగినప్పుడల్లా ఒక పాప గాయని అడెల్ పాట పెడుతుంది, వెంటనే అందరూ గొడవ మరిచి పాడటం మొదలుపెడతారు. 1621లో వలసవచ్చినవాళ్లు, అక్కడి ఆదివాసులైన వాంపనోగ్ జాతివాళ్లు కలిసి తిన్నారనే విందు కథ కూడా ప్రస్తావనకు రావచ్చు. దాని తర్వాత ఆ జాతులకు జరిగింది తలచుకుని 1970 నుంచి ఏటా ఇదే రోజున మసాచుసెట్స్‌లోని ప్లిమత్‌లో సంతాపదినం పాటిస్తున్నవాళ్లున్నారు. ఎవరైనా ఆ మాట ఎత్తితే శ్రద్ధగా వినండి.

బయల్దేరే ముందు ఆఖరుగా 'మాస్టర్ ఆఫ్ నన్' సీరియల్లో 2017లో వచ్చిన థాంక్స్‌గివింగ్ కథ చూడండి. డెనీస్ అనే నల్లజాతి అమ్మాయి ఇంటికి, తన ఇంట్లో ఈ పండగ అలవాటు లేని తమిళుల అబ్బాయి దేవ్ చిన్నప్పటి నుంచి ఏటా భోజనానికి వస్తుంటాడు. పిల్లలు పెద్దవుతారు, బల్ల అదే ఉంటుంది. తాను అమ్మాయిలనే ఇష్టపడతానని డెనీస్ చెప్పినప్పుడు తల్లి ఏడుస్తుంది. తర్వాతి పండగల్లో బిగుసుకుని కూర్చుంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ బిగువు కొద్దికొద్దిగా సడలుతుంది. ఒక్క పూటలో ఏదీ తేలిపోదని, మళ్లీ మళ్లీ వచ్చి కూర్చోవడమే చాలాసార్లు దారి చూపుతుందని ఎంత ఓపికగా చెప్పారో! లీనా వెయిత్, అజీజ్ అన్సారీ కలిసి రాసిన ఆ కథకు టీవీ రంగంలో పెద్ద బహుమతైన ఎమ్మీ వచ్చింది. హాస్య రచనకు ఆ బహుమతి అందుకున్న తొలి నల్లజాతి మహిళ వెయిత్. వాళ్ల మధ్య మనలాంటి పిల్లవాడు ఎంత సహజంగా కూర్చున్నాడో చూస్తే మీ గుండె కుదుటపడుతుంది.

మీ వంతు వచ్చినప్పుడు చెప్పాల్సిన మాటను ఇంగ్లీషులో బట్టీ పట్టకండి. తెలుగులోనే చెప్పండి, అమ్మాయి ఇంగ్లీషులో చెబుతుంది. మా అమ్మాయిని మీ ఇంటి పిల్లలా చూసుకుంటున్నారు, అది చూసి మా కడుపు నిండింది అంటే చాలు, వియ్యపురాలి కళ్లు చెమర్చకపోతే నన్ను అడగండి. ఇక ఆలస్యం చేయకుండా ఈ ఆదివారమే ఆవిడకు ఫోను చేయించండి. మీరు ఏమేం తినరో చెప్పండి, ఎన్ని గంటలకు రమ్మంటారో అడగండి. పల్లీలు ఎవరికైనా పడవేమో కూడా అప్పుడే కనుక్కుంటే పులిహోర సంగతి తేలిపోతుంది.